సాగర్ వద్దనుకున్న శనివారం

(ఈ గాథలోని నలుగురికి పేర్లు లేవు. ఉప్పల్, నాచారం ప్రాంతాల నుంచి ఆదివారాలు గాలం పట్టుకుని బయల్దేరే జట్లలో కనిపించే మనుషుల కలబోత వాళ్లు. వాళ్ల మాటలు, వాళ్లు తిరిగిన తీరు పునఃసృష్టి. వరద లెక్కలు, ప్రమాదాలు, వాటి తేదీలు మాత్రం వాస్తవం.)

2024 ఆగస్టు 31, శనివారం. సాయంత్రం నాలుగు దాటింది. నాచారం హెచ్ఎంటీ నగర్‌లో ఒక ఇంటి వరండా. గోడకి నాలుగు గాలపు కర్రలు ఆనించి ఉన్నాయి. పక్కన రెండు ఐస్ డబ్బాలు, తడిగుడ్డ కప్పిన వానపాముల డబ్బా, తవుడూ పల్లిచెక్కా కలిపి ముద్ద చేసిన పిండి. రాత్రి రెండింటికి బండి కదలాలి. ఎల్బీ నగర్, ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి, దేవరకొండ మీదుగా తెల్లారేసరికి నేరేడుగొమ్ము మండలంలోని వైజాగ్ కాలనీ చేరాలి. నాగార్జునసాగర్ వెనుకజలాల ఒడ్డున, కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన జాలరి కుటుంబాల ఊరు అది. అక్కడ రెండు పుట్టీలు మాట్లాడి పెట్టారు. పొద్దంతా నీటి మీదే ఉండి, ఒడ్డు వెంట మెల్లగా జారుతూ గాలాలు వేయాలన్నది ఏడాదిగా అనుకుంటున్న మాట.

బయట వాన ఆగలేదు. ముసురు పట్టి పొద్దుటి నుంచీ ఒకటే పోత.

ఇల్లు పెద్దాయనది. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల కొలువులో నక్షాలు గీసి రిటైరైన మనిషి. రెండో అతను నాచారం పారిశ్రామికవాడలో లేత్ మిషన్ మీద పనిచేసే మేస్త్రి. మూడో అతను చిలుకానగర్ ఎలక్ట్రీషియన్. నాలుగో అతను ఉప్పల్‌లోనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కుర్రాడు. నలుగురిలోకీ కొత్త కర్ర, ఖరీదైన రీలు అతనివే. తొందరా అతనిదే.

"నీళ్లు నిండుగ ఉంటే చేపలు ఇంకా ఎక్కువుంటయ్ కద కాకా? గిదే మంచి టైం."

పెద్దాయన జవాబు చెప్పలేదు. పేపర్‌లో జలాశయాల పట్టిక ఉన్న పేజీ మడిచి చేతిలో పెట్టాడు.

నిండిన సాగర్

ఆ ఏడాది కృష్ణ ముందునుంచే దూకుడు మీదుంది. ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల దాటి వచ్చిన నీళ్లతో జులై చివరికే శ్రీశైలం గేట్లు లేచాయి. ఆగస్టు మొదటి వారంలో సాగర్ గేట్లు కూడా ఎత్తారు. సాగర్ నిండు మట్టం 590 అడుగులు. అంతవరకూ నిండితే 312 టీఎంసీలు. గేట్లు 26.

జట్టు మొదట అనుకున్నది ఆగస్టు నడిమి ఆదివారం. అంతలో ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ నంబరు గేటు కొట్టుకుపోయింది. గేట్ల పనిలో తలపండిన కన్నయ్యనాయుడు వెళ్లి, పారుతున్న నీళ్లలోనే స్టాప్‌లాగ్ దించేదాకా కింది ఊళ్లన్నీ బిక్కుబిక్కుమన్నాయి. తుంగభద్ర నీళ్లు చివరికి శ్రీశైలానికే చేరాలి, అక్కడి నుంచి సాగర్‌కి. "అది సర్దుకోనీ" అని పెద్దాయన ప్రయాణం వాయిదా వేయించాడు. కుర్రాడు పళ్లు నూరుకుని ఊరుకున్నాడు. ఇప్పుడు రెండోసారి.

"చూడు తమ్మీ, నీళ్లు పెరిగితే చేపలు పెరగవు. ఉన్న చేపలు చెదురుతయ్" అన్నాడు మేస్త్రి, తీగకి సీసం గుండు కడుతూనే.

ఆయన అన్నది అనుభవం మీద తేలిన సంగతే. జలాశయం మట్టం ఎక్కుతున్నప్పుడు ఒడ్డున ఉన్న గడ్డి, తుప్ప, చేను మునుగుతాయి. పురుగూ పుట్రా, నానిన గింజా అంతా అక్కడే. చేపలు లోతు వదిలి ఆ మునిగిన గడ్డిలోకి మేతకి పోతాయి. పుట్టి వేసుకుని లోతులో తిరిగేవాడికి గాలం తడవడమే మిగులుతుంది. పైగా కొత్త వరదనీళ్లు ఎర్రగా ఉంటాయి. వాలుగ, జెల్ల వాసన పట్టి తింటాయి కాబట్టి ఆ బురదలోనూ ఎర అందుకుంటాయి. నీటి పైపొరలోని సన్నటి జీవుల్ని వడగట్టి బతికే బొచ్చె మాత్రం నీళ్లు తేరేదాకా ముట్టదు. మట్టం పెరుగుతున్నా తరుగుతున్నా చేప నిలకడగా ఉండదు. నాలుగు రోజులు ఒకే మట్టంలో నిలిచిన నీళ్లే గాలానికి అనువు.

చేపల మాట అలా ఉంచితే, పుట్టి మాట వేరు. వెదురు బద్దల తట్ట, దానికి తారు పూసిన పట్టా, ఒక తెడ్డు. పడవలాగా దానికి ముక్కు ఉండదు. గాలి ఎటు కొడితే అటు తిరుగుతుంది. సాగర్ వెనుకజలాల్లో గాలి లేస్తే అల నడుం ఎత్తు లేస్తుంది. కొండల మధ్య సన్నబడిన చోట, పైన శ్రీశైలం వదిలితే కింద ప్రవాహం లాగుతుంది. అది ఒడ్డు నుంచి చూస్తే తెలియదు. నీళ్లు నున్నగానే కనిపిస్తాయి.

ఎలక్ట్రీషియన్ ఫోన్ తీసి వైజాగ్ కాలనీ పుట్టి అతనికి కలిపాడు. స్పీకర్ పెట్టాడు.

"రావద్దు బాబూ" అన్నాడు అవతలి మనిషి, అడక్కుండానే. "గాలి ఆగట్లేదు. మా పుట్టీలే పైకి లాక్కుని బోర్లించేశాం. రేపు మేమే వేటకి పోం. మిమ్మల్నెలా తీసుకెళ్తాం?"

"అడ్వాన్సు?" అని కుర్రాడు గొణిగాడు.

"ఉంటది బాబూ, ఎక్కడికి పోద్ది. నీళ్లు నిలబడ్డాక రండి."

కచ్చులూరు మాట

ఫోన్ పెట్టేశాక వరండాలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. కుర్రాడే మళ్లీ అందుకున్నాడు. వేరే పడవ దొరుకుతుందేమో, మోటారు బోటైతే ఫర్వాలేదేమో అన్నాడు.

"మోటారు బోటు గురించి నాకు చెప్పకు తమ్మీ" అన్నాడు ఎలక్ట్రీషియన్. "కచ్చులూరు మర్చిపోయినవా?"

2019 సెప్టెంబరు 15. అదీ ఆదివారమే. పాపికొండలు చూడ్డానికి గోదావరి మీద బయల్దేరిన 'రాయల్ వశిష్ఠ పున్నమి' బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర మునిగింది. బోటులో 70 మందికి పైగా ఉన్నారు. హైదరాబాద్ వాళ్లు, వరంగల్ వాళ్లు ఎంతోమంది. గోదావరిలో ఆ రోజు 5 లక్షల క్యూసెక్కుల దాకా వరద. పెద్ద వరద తగ్గింది కదా అన్న ధీమాతో బోట్లు తిరగడం మొదలుపెట్టిన రోజులు. కొండల మధ్య నది మెలిక తిరిగే చోట సుడుల్లో బోటు ఒరిగింది. బతికినవాళ్లు 26 మంది. వాళ్లను ఒడ్డుకి చేర్చింది దగ్గరి గూడేల జనం, తమ చిన్న పడవల్లో. ఆ బోటును నది అడుగు నుంచి పైకి తేవడానికి కాకినాడ ధర్మాడి సత్యం బృందానికి అక్టోబరు 22 దాకా పట్టింది.

"మొదటి వరద పోయింది కదా అనుకున్నరు. గంతే" అన్నాడు ఎలక్ట్రీషియన్.

కుర్రాడు రీలు విప్పి సంచిలో పెట్టుకున్నాడు. సాగర్ కథ ఆ క్షణానికి ముగిసింది. ఇంకో ప్రశ్న మిగిలింది. పిండి కలిపి ఉంది, వానపాములు తవ్వి ఉన్నాయి, ఆదివారం ఉంది. ఎక్కడికి?

పాత క్యాలెండర్ వెనక

కుర్రాడు ఫోన్‌లో ఉపగ్రహ చిత్రం తెరిచాడు. వేలితో జరిపితే చాలు, ఉప్పల్ చుట్టూ నీలం మచ్చలు ఎన్నో. తెలంగాణలో చెరువులు 46 వేలకు పైగా ఉన్నాయని చెరువుల పూడిక తీసిన మిషన్ కాకతీయ అప్పటి లెక్క. వాటిలో ఒక్కటి దొరకదా?

పెద్దాయన చిరిగిన క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి పెన్సిల్ పట్టాడు. "చెప్పు. ఒక్కొక్కటి రాస్తా."

మొదటి పేరు ఇంటి పక్కదే, హెచ్ఎంటీ నగర్ చెరువు. రెండోది వరంగల్ రోడ్డు పక్కనున్న ఉప్పల్ నల్లచెరువు. రాసినంత సేపట్లోనే రెండూ కొట్టేశాడు. చుట్టూ కాలనీలు కమ్ముకున్నాక అందులో చేరేవి వాననీళ్ల కన్నా మురుగునీళ్లే ఎక్కువ. ఆ నీళ్లలో జిలేబీ చేప బతుకుతుంది, మార్పు చేప బతుకుతుంది. పట్టి ఇంటికి తెచ్చుకుని వండుకునే చేపలు కావవి. వాన పడితే మురుగు ఇంకా పొంగుతుంది తప్ప పలచబడదు.

మూడోది మూసీ. నాగోల్ దాటి, పీర్జాదిగూడ పక్కనుంచి ప్రతాపసింగారం వైపు పోయే మూసీ. దానికీ గీత పడింది. అనంతగిరి కొండల్లో పుట్టినప్పటి నీళ్లు కావవి, నగరం కడుక్కున్న నీళ్లు. పైగా ఈ వానకి హిమాయత్‌సాగర్ గేట్లు ఎప్పుడు ఎత్తుతారో తెలియదు.

"2020 యాదికుందా?" అన్నాడు మేస్త్రి. అక్కడ కూర్చున్న వాళ్లలో అది గుర్తులేని వాళ్లెవరు? ఆ ఏడాది అక్టోబరు 13న పడ్డ వానకి ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 32 సెంటీమీటర్లు నమోదైంది. హబ్సిగూడ, రామంతాపూర్ కాలనీల్లో జనం మేడల మీదికి ఎక్కారు. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద గురించి తాతల నోట విన్నవాళ్లకి అదేమిటో ఆ రాత్రి అర్థమైంది. ఆ పాత వరద వేల మందిని మింగాకే విశ్వేశ్వరయ్యను పిలిపించారు. గండిపేట, హిమాయత్‌సాగర్ ఆ తర్వాత కట్టినవే.

నాలుగోది కొండపోచమ్మ సాగర్. అది కుర్రాడి ఊహ. తెలివైన ఊహే. మర్కూక్ దగ్గర 2020లో ప్రారంభమైన ఆ 15 టీఎంసీల జలాశయం నది మీద కట్టింది కాదు. పంపులతో ఎత్తిపోసిన నీళ్లు. వాగు వరద నేరుగా వచ్చి పడదు కాబట్టి తొందరగా ఎర్రబడదు.

"బుర్ర మంచిగనే పనిచేసింది" అని పెద్దాయన మెచ్చుకున్నాడు. వెంటనే కొట్టేశాడు. "కట్ట లోపలి వైపు రాళ్లు పేర్చిన వాలు. కాలు జారితే నిలదొక్కుకునే చోటుండదు. దిగంగనే లోతు. చేపలకోసం పోయి చూసి రావొచ్చు గానీ కూర్చోవద్దు."

ఆ మాట ఎంత నిజమో నాలుగు నెలల తర్వాత ఊరంతటికీ తెలిసింది. 2025 జనవరిలో హైదరాబాద్ నుంచి సరదాగా వెళ్లిన ఏడుగురు కుర్రాళ్లలో అయిదుగురు ఆ నీళ్లలోనే చనిపోయారు. అప్పుడు వాన లేదు, వరద లేదు. నిలిచిన నీళ్లే.

అయిదోది ఊరి చెరువుల మత్తళ్లు. ఇది మేస్త్రి నోటినుంచి వచ్చింది, కొంచెం ఆశగా. చెరువు నిండి మత్తడి దుంకితే చేపలు ఆ పారే నీళ్లకి ఎదురెక్కుతాయి. తెలంగాణ పల్లెల్లో అదొక జాతర. దోమతెర పట్టుకున్నవాడు, చీర కొంగు పట్టుకున్నవాడు, ఉత్త చేతులతో దిగినవాడు. చిన్నప్పుడు తానూ దిగాడు.

"అందుకనే వద్దు" అన్నాడు పెద్దాయన. "మత్తడి కింద నాచు. మోకాలి లోతు నీళ్లకే మనిషి పడతడు. పడితే లేవనియ్యదు. ఇంకో మాట. అవి గుడ్లమీద ఉన్న చేపలు. వాటిని ఇప్పుడు పట్టుకుంటే వచ్చే యేడు ఆ చెరువుల ఏముంటది?"

క్యాలెండర్ కాగితం మీద గీతలే మిగిలాయి. కుర్రాడికి విసుగొచ్చింది. ఫోన్ తెర మీద రాచకొండ గుట్టల వైపు ఒక చిన్న నీలం మచ్చ చూపించాడు. ఊరికి ఎగువన, రెండు గుట్టల నడుమ.

పెద్దాయన మొదటిసారి కళ్లద్దాలు సర్దుకున్నాడు. ఫోన్ పక్కన పెట్టి లోపలికి పోయి పాత టోపో షీటు తెచ్చాడు. ఎత్తు గీతల మీద పెన్సిల్ నడిపాడు. మన చెరువులు విడివిడివి కావు, గొలుసుకట్టు. పై చెరువు నిండి పొర్లితే కింది చెరువు, అది పొర్లితే ఆ కిందిది. గొలుసులో ఎంత కిందికి పోతే అంత బురద, అంత ఆలస్యం. పై కొసన ఉన్న చెరువుకి పైనుంచి వచ్చే చెరువునీళ్లు ఉండవు. తన గుట్టల మీద పడ్డ వానే దాని వరద. వాన ఆగితే రెండు మూడు రోజుల్లో రాక ఆగుతుంది. గుట్టరాయి, ఎర్ర చెలక నేల కాబట్టి మట్టి తొందరగా అడుగుకి దిగుతుంది. నల్లరేగడి మీది చెరువైతే వారాలు పట్టేది.

"గిది గొలుసుకు మొదటి చెరువు" అన్నాడు. "బాగుంది. సరే, అక్కడ నీకు తెలిసినోడు ఎవడు?"

కుర్రాడు అయోమయంగా చూశాడు. చెరువుకి తెలిసినోడు ఏమిటి?

"తమ్మీ, నలభై యేండ్లు నక్షాలు గీసిన. నీళ్లు ఎక్కడున్నయో నక్ష చెప్తది. ఆ నీళ్లు ఎవరియో చెప్పదు."

ఆ నీళ్లు ఎవరివి

ఆ ఆగస్టులో నగరమంతా చెరువుల గురించే మాట్లాడుకుంటోంది. చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చి కట్టడాలు కూల్చడం మొదలయ్యాక, అంతకుముందు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండు నీటిమట్టం) అంటే తెలియని వాళ్లు కూడా ఆ మాట అనసాగారు. చెరువు హద్దు ఎవరిదన్న గొడవ అది. చెరువులోని చేప ఎవరిదన్నది దానికన్నా పాత సంగతి, పల్లెల్లో దాని మీద సందేహమే లేదు.

ఊరి చెరువుల్లో చేపల మీద హక్కు మత్స్య పారిశ్రామిక సహకార సంఘానిది. సంఘంలో ఉండేది ఎక్కువగా గంగపుత్రులు, ముదిరాజులు. వానాకాలంలో పిల్లలు వదలాలి, ఎండాకాలం నీళ్లు తగ్గేదాకా కాయాలి, అప్పుడు వలలు వేయాలి. 2016లో ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలు వదలడం మొదలుపెట్టాక కొంత భారం తగ్గింది గానీ కాపలా తగ్గలేదు. వానరాత్రి చెరువు పొర్లుతుంటే సంఘం మనుషులు మత్తడి దగ్గర జాలీలు కట్టి నిలబడేది అందుకే. ఆ నీళ్లతో పాటు పొర్లిపోయేది వాళ్ల ఏడాది సంపాదన.

అలాంటి చోటికి నగరం నుంచి నలుగురు బండి వేసుకుని పోయి, అడగకుండా గాలాలు వేస్తే ఏమంటారు? అన్నంత పనీ చేస్తారు.

ఎలక్ట్రీషియన్‌కి అప్పుడు తట్టింది. ఆ వైపు ఒక ఊళ్లో బోరు మోటారు స్టార్టర్ బాగుచేసి వచ్చాడు కిందటి ఎండాకాలం. రైతు పేరు ఫోన్‌లో ఉంది. కలిపాడు.

"వానలు పడుతున్నయే, గిప్పుడు చేపలేంది?" అని నవ్వాడు రైతు. "చెరువు సంఘపోళ్లది. మా బామ్మర్ది అండ్లనే ఉన్నడు. వాన తెరిపియ్యనియ్యి, అడిగి చెప్త."

క్యాలెండర్ కాగితం మీద గీత పడని పేరు అదొక్కటే. ఆదివారం మాత్రం ఎక్కడికీ లేదు. వానపాముల డబ్బా పెరట్లో గుమ్మరించారు.

ఆ ఆదివారం

ఆ వానలు తెచ్చిన వాయుగుండం శనివారం అర్ధరాత్రి కళింగపట్నం దగ్గర తీరం దాటింది. శనివారమే విజయవాడ మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. ఆదివారం తెల్లారేసరికి తెలంగాణ తూర్పు జిల్లాలు నీళ్లలో ఉన్నాయి.

నలుగురూ ఎవరి ఇళ్లలో వాళ్లు టీవీల ముందు కూర్చున్నారు. ఖమ్మంలో మున్నేరు ఒడ్డు దాటి కాలనీల్లోకి వచ్చింది. ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోయారు. అటూ ఇటూ నీళ్లు. గంటలు గడిచాయి. చివరికి సుభాన్ ఖాన్ అనే మనిషి జేసీబీని ఆ వరదలోకి నడిపించుకుపోయి వాళ్లను తెచ్చాడు. మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు వాగు ఒక తండ్రినీ కూతురినీ కారుతో సహా లాక్కుపోయింది. కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. హైదరాబాద్, విజయవాడ హైవే మీద బండ్లు ఆగిపోయాయి.

ఆ రోజు చనిపోయిన వాళ్లంతా నదిలోకి కావాలని దిగిన వాళ్లు కాదు. రోడ్డు మీద పోతూ, రోజూ దాటే వాగునే దాటబోయిన వాళ్లూ ఉన్నారు. సాగర్ ప్రయాణానికి బయల్దేరి ఉంటే వైజాగ్ కాలనీ చేరడానికి ముందు ఎన్ని లోతట్టు కల్వర్టులు, ఎన్ని వాగులు దాటాలో పెద్దాయన నక్ష మీద లెక్కపెట్టుకున్నాడు. ఆ లెక్క ఎవరికీ చెప్పలేదు.

సోమవారం, సెప్టెంబరు 2న, విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులు పారింది. బ్యారేజీ కట్టాక అంత నీరు ఎన్నడూ రాలేదు. క్యూసెక్కు అంటే సెకనుకి ఘనపుటడుగు, 28 లీటర్ల పైచిలుకు. అంటే సెకనుకి 3.2 కోట్ల లీటర్లు. ఆ లెక్కన ఒక రోజుకి దాదాపు 99 టీఎంసీలు. ఖాళీ సాగర్‌ని మూడు రోజుల చిల్లరలో అంచుల దాకా నింపేసే నీళ్లు. ఎగువన కట్లు తెంచుకున్న పెద్ద బోట్లు కొట్టుకొచ్చి బ్యారేజీ గేట్ల దిమ్మెలను గుద్దుకున్నాయి. ఇనుప బోట్ల గతి అది. వెదురు పుట్టి మాట ఎత్తనక్కర్లేదు.

కుర్రాడు ఆ రాత్రి గ్రూపులో ఒకే మాట పెట్టాడు. "కాకా, థాంక్స్."

గట్టు మీది షరతులు

వాన తెరిపిచ్చాక ఎలక్ట్రీషియన్, మేస్త్రి ఇద్దరే స్కూటర్ మీద వెళ్లారు. గాలాలు తీసుకుపోలేదు. చెరువు చూడ్డానికి, మనిషిని కలవడానికి. సంఘం మనిషి గట్టు మీద మర్రికింద ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మత్తడి జాలీ ఒకచోట తెగి, ఎన్ని పిల్లలు కిందికి పోయాయో లెక్కలేదన్నాడు.

అతను పెట్టిన షరతులు ఇవీ. గాలమే, వల కాదు. తూము వైపు, మత్తడి వైపు పోవద్దు. అరకిలో లోపు చేప పడితే తిరిగి నీళ్లలోకే. కొర్రమట్ట జంట పిల్లలతో తిరుగుతుంటే దాని జోలికి పోవద్దు. మనిషికింత అని సంఘానికి కట్టాలి. మందు సీసా గట్టు ఎక్కొద్దు. చివరి షరతు, ఊరి పేరు ఎక్కడా చెప్పొద్దు, ఫొటోల కింద రాయొద్దు. ఒక ఊరి చెరువు పేరు ఇట్లాగే బయటపడి ఆదివారాలు బండ్లు వరస కట్టాయట.

మేస్త్రి నీళ్లలోకి చెయ్యి పెట్టి చూశాడు. మోచేతి దాకా ముంచితే వేళ్లు కనిపించాలి. అది అతని కొలత. మణికట్టు దాటాక వేళ్లు కనిపించలేదు. "ఇంకో వారం" అన్నాడు.

మధ్యలో వినాయక చవితి వచ్చింది. మున్నేరు మళ్లీ కొంచెం లేచి ఖమ్మాన్ని మళ్లీ బెదిరించింది. ఆ ఆదివారమూ వదులుకున్నారు. దాని తర్వాతి ఆదివారం, సెప్టెంబరు 15న, నలుగురూ బయల్దేరారు. కచ్చులూరుకి సరిగ్గా అయిదేళ్లు. ఆ మాట ఎలక్ట్రీషియన్ బండిలో ఒకసారి అన్నాడు, అంతే.

వేళ్లు కనిపించాయి. నీళ్లు ఇంకా లేత గోధుమ రంగులోనే ఉన్నాయి కాబట్టి పెద్దాయన లోతుకి వేయనివ్వలేదు. మునిగిన గడ్డి అంచున, రెండు మూడు అడుగుల లోతులో, ఎర అడుగుకి తగిలేలా బెండు సర్దించాడు. పిండి కన్నా వానపాము ముందు పనిచేసింది. ఎండెక్కాక పిండికి బంగారుతీగ వచ్చింది. కుర్రాడి ఖరీదైన రీలుకి మధ్యాహ్నం దాకా ఏమీ తగల్లేదు. మేస్త్రి వెదురు కర్రకి జెల్లలు, ఒక మంచి రవ్వ. కుర్రాడికి చివరికి పడ్డది గుప్పెడంత బొచ్చె పిల్ల. గట్టు మీది మనిషి చూస్తుండగా దాన్ని తడిచేత్తో పట్టుకుని, గాలం తీసి, నీళ్లలో వదిలాడు.

"గీ పిలగానికి నేర్పిచ్చిన్రు మంచిగ" అన్నాడు సంఘం మనిషి.

రెండో చోటు ఎప్పుడు వెతకాలి

తిరిగొస్తూ ఇబ్రహీంపట్నం దగ్గర టీకి ఆగినప్పుడు కుర్రాడు అడిగాడు. "అయితే వచ్చేసారి సాగర్ కుదరకపోతే డైరెక్ట్‌గా ఇక్కడికే వచ్చేద్దాం కద కాకా?"

ఈ జట్టు ఆ సీజన్లో నేర్చుకున్నదంతా ఆ ప్రశ్నకి పెద్దాయన చెప్పిన జవాబులో ఉంది. వరదకి ఒక్కో నీరు ఒక్కో గడియారం మీద నడుస్తుంది. గొలుసుకి మొదటనున్న చిన్న చెరువు వారం పది రోజుల్లో తేరుతుంది. మధ్య చెరువులకి ఇంకో రెండు వారాలు. ఎగువన గేట్లన్నీ దిగి, మట్టం నిలబడేదాకా పెద్ద జలాశయం మాట వద్దు. వాన పడుతున్న రోజుకి మాత్రం ఏ రెండో చోటూ లేదు. ఆ రోజుకి చోటు ఇల్లే.

ఇంకొకటి ఉంది. అది కుర్రాడికి గట్టు మీద ఉన్నప్పుడే అర్థమైంది. వానలో కూర్చుని ఫోన్‌లో వెతికితే దొరికేది నీలం మచ్చ. ఆ మచ్చ మీద కూర్చోనిచ్చే మనిషి ఎండాకాలంలో దొరుకుతాడు. ఈ జట్టుకి ఆసరా అయింది బాగుచేసిన ఒక స్టార్టర్, దాంతో పడ్డ పరిచయం.

వెళ్లేటప్పుడు సంఘం మనిషి డబ్బు లెక్కపెట్టుకుని ఇంకో మాట అన్నాడు. "చేపలకు వరద పోయినంక వస్తరు మీరు. మృగశిర కార్తికి ముందు రాండ్రి. మత్తడికి కొత్త జాలీ కట్టాలె. మీల కరెంటాయన ఉన్నడు, లేత్ ఆయన ఉన్నడు."

మేస్త్రి ఆ సాయంత్రమే నాచారంలో తన షెడ్డుకి పోయి మత్తడి వెడల్పుకి ఎంత ఇనుప కడ్డీ పడుతుందో లెక్క వేశాడు. 2025 మే నెలలో, ఎండలు మండుతుండగా, నలుగురూ ఫ్రేములు బిగించిన జాలీలు ట్రాలీ ఆటోలో వేసుకుని ఆ ఊరికి పోయారు. ఆ రోజు ఎవరి దగ్గరా గాలం లేదు.